క్విజ్‌బౌల్ టోర్నమెంట్‌కి ప్రశ్నలు: మనమే రాయాలా, కొనుక్కోవాలా?

మొన్న ఒక తమ్ముడు ఫోన్ చేశాడు. ఎంఎస్‌కి అమెరికా వచ్చి ఇంకా ఏడాది కాలేదు, యూనివర్సిటీ క్విజ్‌బౌల్ క్లబ్‌లో చేరాడు, ఇప్పటిదాకా ఆడింది రెండు టోర్నమెంట్లు. "అన్నా, స్ప్రింగ్‌లో మా క్లబ్ తరఫున టోర్నమెంట్ పెడుతున్నాం, ప్రశ్నలన్నీ మేమే రాసేస్తాం, నెల రోజులు సరిపోతాయా?" అన్నాడు. నవ్వు ఆపుకోలేకపోయాను. వచ్చిన కొత్తలో నేనూ అచ్చం ఇదే మాట అన్నాను, ఆ నోరు జారిన పాపానికి ఏడు నెలల శని ఆదివారాలు గూగుల్ డాక్స్‌కి ధారపోశాను. వాడికి గంటసేపు చెప్పాను, కానీ ఇదే ప్రశ్న ఏటా ఎవరో ఒకరు అడుగుతూనే ఉన్నారు కాబట్టి అంతా ఒకచోట రాసి పెడుతున్నా.

ముందు ఒక్క ముక్క చెప్పాలి. హైదరాబాద్‌లో కె-సర్కిల్ అనే క్విజ్ క్లబ్ 1972 నుంచీ నడుస్తోంది, మన కాలేజీ ఫెస్టుల్లో క్విజ్ లేని ఫెస్టు ఉండదు, కాబట్టి క్విజ్ అంటే మనకి తెలుసులే అన్న ధీమాతోనే ఇక్కడ అడుగుపెడతాం. తీరా చూస్తే ఇది వేరే ఆట. స్లైడ్ లేదు, బొమ్మ లేదు, ప్రశ్న టీము నుంచి టీముకి దాటే పౌన్స్ బౌన్స్ లేవు, టీమంతా తలలు దగ్గర పెట్టి ఫండా తవ్వుకునే టైమూ లేదు. మోడరేటర్ ఆరేడు లైన్ల ప్రశ్న చదువుతూ పోతాడు, ఎవరికి తెలిస్తే వాళ్లు మధ్యలోనే బజర్ కొట్టి ఆపొచ్చు. దీన్ని టాసప్ అంటారు. సరైన జవాబుకి పది పాయింట్లు, మధ్యలో ఆపి తప్పు చెబితే ఐదు పోతాయి, ఆ పోవడాన్ని నెగ్ అంటారు. టాసప్ కొట్టిన టీముకి మూడు ముక్కల బోనస్ వస్తుంది, ముక్కకి పది, అక్కడ మాత్రం టీమంతా మాట్లాడుకోవచ్చు.

కాబట్టి ప్రశ్నలో ఏ క్లూ ముందు, ఏ క్లూ వెనక అన్నదే ఈ ఆటకి ప్రాణం. బాగా చదివినవాడు రెండో లైన్లో కొట్టాలి, కాస్త చదివినవాడు నాలుగో లైన్లో, పేరు మాత్రమే విన్నవాడు చివర్లో. మనవాళ్లకి అర్థమయ్యే ఉదాహరణ ఒకటి:

"గుర్రాల వ్యాపారం మీద వచ్చిన ఫెర్నావ్ నూనిజ్ ఈ రాజ్యపు చరిత్ర రాసిపెట్టాడు. తైమూరు వంశపు షారుఖ్ దూతగా వచ్చిన అబ్దుర్ రజాక్ ఈ రాజధానికి ఏడు ప్రాకారాలున్నాయని వర్ణించాడు. ఈ రాజ్యాన్ని ఏలిన ఒక రాజు గోదాదేవి కథని ఆముక్తమాల్యద అనే కావ్యంగా రాశాడు. హరిహరుడు, బుక్కరాయలు స్థాపించిన ఈ రాజ్యం 1565లో తళ్ళికోట యుద్ధంలో దక్కను సుల్తానుల చేతిలో ఓడిపోయింది. పది పాయింట్లకి, హంపి దగ్గర శిథిలాలు మిగిలిన ఈ దక్షిణ భారత సామ్రాజ్యం ఏది?"

జవాబు మీకు మూడో వాక్యంలోనే తెలిసిపోయింది కదా. అసలు నేను మొదట రాసినప్పుడు ఆముక్తమాల్యదని ఇంకా కిందికి, హంపికి ముందు వాక్యంలో పెట్టాను, మనకి బళ్లో చెప్పిన పాఠమే కదా అని. ఎడిటర్ దాన్ని పట్టుకెళ్లి పైన పెట్టాడు, ఇక్కడ ఆడే గదుల్లో ఆ మాట విన్నవాళ్లు ఇద్దరుంటే గొప్ప అన్నాడు, తళ్ళికోట మాత్రం పాత ప్యాకెట్లు (ఒక్కో రౌండ్‌కి వాడే ప్రశ్నల కట్టని ప్యాకెట్ అంటారు) చదివినవాళ్లందరికీ తెలుసన్నాడు. దీనికి తిరగబడ్డ కేసు కూడా ఉంది. లింకన్ మీద టాసప్‌లో "ఫోర్ స్కోర్ అండ్ సెవెన్ ఇయర్స్ ఎగో" అన్న ప్రసంగం మొదటి మాటల్ని మహా కష్టమైన క్లూ అనుకుని రెండో లైన్లో పెట్టాను. ప్లేటెస్ట్‌లో, అంటే టోర్నమెంట్‌కి ముందు ప్రశ్నల్ని ఆడించి చూసే ట్రయల్‌లో, గది మొత్తం ఒకేసారి బజర్ కొట్టింది. వాళ్లకి అది మన "ఏ దేశమేగినా" లాంటిదని అప్పుడు తెలిసింది. ఏది కష్టమో ఏది తేలికో మనకి మనం చెప్పుకోలేం, ఇంకొకళ్లు చూడాలి. కింద చెప్పబోయే దారుల మధ్య అసలు తేడా అంతా ఇక్కడే ఉంది: ఆ చూసేవాళ్లు ఎవరు, వాళ్ల టైమ్ ఎవరిది.

కొనుక్కోవడం

చేతిలో డబ్బు లేని క్లబ్‌కి ఇది మొదటి దారి, నిజంగా. ఎన్ఎక్యూటీ అని 1996లో పెట్టిన కంపెనీ ఉంది, కాలేజీ పోటీలు నడుపుతుంది, హైస్కూల్ టోర్నమెంట్ల కోసం రెడీమేడ్ ప్రశ్నల సెట్లు ఇస్తుంది. యూనివర్సిటీ క్లబ్ ఆ సెట్ తీసుకుని, ఒక శనివారం క్యాంపస్‌లో గదులు బుక్ చేసి, చుట్టుపక్కల హైస్కూళ్లని పిలుస్తుంది. స్కూళ్లు ఎంట్రీ ఫీజు కడతాయి, సెట్‌కి కట్టాల్సింది కట్టేశాక మిగిలింది క్లబ్ ప్రయాణాల ఖర్చులకి. చాలా క్లబ్బులు ఏడాదంతా ఇలాగే బతుకుతాయి.

రాసే పని సున్నా. కానీ పని లేదని కాదు. 24 టీములు వస్తే 12 గదులు, గదికో మోడరేటర్, వీలైతే పక్కన స్కోరు రాసేవాళ్లు ఒకరు, 12 బజర్ సెట్లు, స్టాట్స్ చూసే మనిషి, పిజ్జాలు తెచ్చే మనిషి. బజర్లు తెచ్చిన స్కూలుకీ మోడరేటర్‌ని పంపిన స్కూలుకీ ఫీజులో తగ్గింపు ఇవ్వడం ఇక్కడ మామూలే, సిగ్గుపడకుండా ఆ మాట ముందే చెప్పండి, లేకపోతే ఉదయం ఎనిమిదింటికి సగం గదుల్లో బల్ల గుద్ది ఆడాల్సి వస్తుంది. మా మొదటి టోర్నమెంట్‌లో మూడు గదుల్లో అదే జరిగింది.

ఇందులో ఇంకో మంచి సంగతి, హైస్కూల్ సెట్ చదివినా మనం ఆడుకునే కాలేజీ పోటీలేవీ చెడిపోవు. చెడ్డ సంగతి, ప్రశ్న రాయడం మాత్రం ముక్క కూడా రాదు.

మిర్రర్ పెట్టడం

వేరే క్లబ్ వాళ్లు కష్టపడి రాసిన కాలేజీ సెట్‌ని మన ఊళ్లో ఆడించడం. వచ్చిన టీముల లెక్కన వాళ్లకి ఫీజు కడతాం. ఏసీఎఫ్ అనే కాలేజీ క్విజ్‌బౌల్ సంస్థ నడిపే ఫాల్, వింటర్, రీజనల్స్ టోర్నమెంట్లు కూడా ఇలాగే, ఒకే సెట్ దేశంలో చాలా చోట్ల ఆడతారు, ఏదో ఒక యూనివర్సిటీ ఆ చుట్టుపక్కల వాళ్లకి హోస్ట్‌గా నిలబడుతుంది.

ఇక్కడ పేచీ ఒకటుంది. ప్రశ్నలు చదివినవాడు ఆడలేడు. క్లబ్‌లో పన్నెండు మంది ఉంటే, అందులో ఎనిమిది మంది మోడరేటర్లుగా కూర్చుంటే, ఆ సెట్ వాళ్లకి పోయినట్టే. కొత్తగా చేరి ఆడాలని ఉబలాటపడుతున్న పిల్లల్ని పట్టుకుని "నువ్వు చదువు, ఆడకు" అంటే వచ్చే నెల మీటింగ్‌కి రారు. దీనికి తెలిసినవాళ్లు వాడే ఉపాయం చెబుతా: హౌస్‌రైట్ సెట్ (అంటే ఒక క్లబ్ మొత్తం తానే రాసుకున్నది) అయితే సాధారణంగా వేర్వేరు ఊళ్లలో వేర్వేరు వారాల్లో ఆడతారు, కాబట్టి ముందు జరిగే మిర్రర్‌కి కారేసుకుని వెళ్లి ఆడి రండి, తర్వాతి వారాల్లో అదే సెట్‌ని మీ దగ్గర హోస్ట్ చేయండి. ఆటా అయింది, డబ్బూ వచ్చింది. ఆడి వచ్చాక మాత్రం నోరు కట్టేసుకోవాలి, సెట్ అందరికీ బయటపెట్టేదాకా ఒక్క ప్రశ్న గురించి కూడా వాట్సాప్‌లో ఎక్కడా మాట్లాడకూడదు.

ఈ రహస్యం ఎందుకింత పట్టింపు అని కొత్తవాళ్లు విసుక్కుంటారు. 2013లో ఎన్ఎక్యూటీ హార్వర్డ్‌కి అప్పటికి ఎప్పుడో ఇచ్చేసిన నాలుగు టైటిళ్లని వెనక్కి తీసుకుంది. టీములో ఆడినవాళ్లలో ఒకరు అదే కంపెనీకి ప్రశ్నలు రాస్తూ, తాము చూడకూడని ప్రశ్నల సమాచారం ఉన్న పేజీలు చూశారని తేలింది. చూసింది వాడుకున్నారా లేదా అన్న వాదనలోకే వాళ్లు పోలేదు.

ఒక ప్యాకెట్ రాసి పంపడం

నాకు అన్నిటికన్నా నచ్చిన దారి ఇది, కాబట్టి కాస్త పక్షపాతంతోనే చదవండి.

కొంచెం వెనక్కి వెళ్లాలి. అమెరికాలో కాలేజ్ బౌల్ 1953లో రేడియోలో మొదలైంది, 1959లో టీవీకి ఎక్కింది, దాన్ని చూసే ఇంగ్లండ్‌లో 1962లో యూనివర్సిటీ చాలెంజ్ వచ్చింది. టీవీ పోయాక కూడా క్యాంపస్‌లలో కాలేజ్ బౌల్ నడిచింది కానీ ప్రశ్నలు పొట్టిగా, చదువుకన్నా చేతివేగానికి పనికొచ్చేలా ఉన్నాయని ఆడేవాళ్లే విసిగిపోయారు. 1990ల మొదట్లో వచ్చిన ఏసీఎఫ్‌కి ఆ విసుగే పునాది, అది పుట్టి పెరిగింది కూడా ఆడేవాళ్లే ప్రశ్నలు రాసుకునే పద్ధతి మీదే. ఒక్కో టీము ఒక్కో ప్యాకెట్ రాసి ఎడిటర్లకి పంపుతుంది, వాళ్లు దిద్ది, కలిపి, సెట్ చేస్తారు. మీ ప్యాకెట్ మీరు ఆడే రౌండ్‌లో రాదు, మిగతావన్నీ హాయిగా ఆడొచ్చు. కొత్త టీములకి సాధారణంగా ఇది తప్పనిసరి కాదు, రాసి పంపితే ఫీజు తగ్గుతుంది, తొందరగా పంపితే ఇంకా తగ్గుతుంది, గడువు దాటించారో అదే ఫీజు పెరుగుతుంది. ఏ టోర్నమెంట్ ఈ ఏడాది ప్యాకెట్లు తీసుకుంటోంది, ఎంతమంది టీము ఎంత రాయాలి అన్నది ఆ టోర్నమెంట్ ప్రకటనలో చూసుకోండి.

పూర్తి ప్యాకెట్ అంటే 20 టాసప్‌లు, 20 బోనస్‌లు. ఏది ఎన్ని అన్నదానికి లెక్క ఉంటుంది. సాహిత్యం నాలుగు, చరిత్ర నాలుగు, సైన్స్ నాలుగు, కళలు మూడు, తర్వాత మతం, పురాణాలు, తత్వం, సోషల్ సైన్స్ ఒక్కొక్కటి, ఆఖరిది భూగోళమో వర్తమానమో. సైన్స్ నాలుగులో బయాలజీ, కెమిస్ట్రీ, ఫిజిక్స్‌కి తలా ఒకటి, మిగిలిన ఒక్కదాంట్లోనే మ్యాథ్స్, కంప్యూటర్స్, నక్షత్రాలు, రాళ్లు అన్నీ సర్దుకోవాలి. సినిమాలు, క్రికెట్ లాంటివాటికి దాదాపు చోటు లేదు. మన క్విజ్‌లలో సినిమా రౌండ్ మీద బతికినవాళ్లకి ఇది మొదట మింగుడుపడదు (నాకూ పడలేదు).

నలుగురు కూర్చుంటే తలకి పది ప్రశ్నలు. అది మూడు నాలుగు వారాల పని, సెమిస్టర్ నడుస్తుండగా కూడా అయిపోతుంది. ఇక అసలు లాభం ఏమిటంటే, మీరు రాసిన దాన్ని ఏళ్ల తరబడి ఇదే పని చేస్తున్న ఎడిటర్ దిద్దుతాడు, టోర్నమెంట్ అయ్యాక మీరు పంపిన రూపాన్నీ చివరికి ఆడిన రూపాన్నీ పక్కపక్కన పెట్టుకుని చూడొచ్చు. నేను మొదటిసారి పంపిన 12 ప్రశ్నల్లో మిగిలినవి ఐదు, ఆ ఐదింట్లో నా వాక్యాలు మొత్తం కలిపి పది ఉంటాయేమో. మనసు చివుక్కుమంది కానీ ఆ రెండు ఫైళ్లని పోల్చుకున్న ఒక సాయంత్రంలో నేర్చుకున్నది అంతకుముందు ఏడాదిలో నేర్చుకోలేదు.

బోనస్ సంగతే తీసుకోండి. మూడు ముక్కల్లో ఒకటి దాదాపు అందరికీ రావాలి, ఒకటి సగం మందికి, ఒకటి పదిమందిలో ఒకరిద్దరికి. నేను బౌద్ధం మీద బోనస్ రాస్తూ నాగార్జునుణ్ణి తేలిక ముక్కగా పెట్టాను, సాగర్ డ్యామ్ పేరులోనే ఉన్నాడు కదా అన్నట్టు. ఎడిటర్ శూన్యతని మధ్యలోకి తెచ్చి, నాగార్జునుణ్ణి కష్టం ముక్క చేసి, మహాయానాన్ని తేలిక చేశాడు. స్టాట్స్ చూస్తే సరిగ్గా ఆయన అనుకున్నట్టే పడ్డాయి.

మొత్తం సెట్ మనమే రాయడం

దీన్నే హౌస్‌రైట్ అంటారు, తమ్ముడు అడిగింది ఇదే. లెక్క వేద్దాం. రోజంతా జరిగే టోర్నమెంట్‌కి ఫైనల్స్‌తో, విడి ప్రశ్నలతో కలిపి 12 ప్యాకెట్లు అనుకోండి. 240 టాసప్‌లు, 240 బోనస్‌లు, బోనస్ ముక్కలే 720. అలవాటైన చేతికి కూడా ఒక టాసప్‌కి గంట పడుతుంది, కొత్తవాళ్లకి రెండు. తక్కువలో తక్కువ ప్రశ్నకి గంట వేసుకున్నా 480 గంటలు. ఐదుగురు సమానంగా రాస్తే తలా 96 గంటలు, అయితే ఐదుగురూ సమానంగా రాసిన సెట్ అంటూ ఈ భూమ్మీద ఒకటి ఉందని నేను నమ్మను. ఇద్దరు రాస్తారు, ఒకరు సగంలో ఇంటర్న్‌షిప్ వేటలో పడతారు, ఇద్దరు "వచ్చే వారం" అంటారు.

రాయడం అయ్యాక మొదలయ్యేది ఎడిటింగ్, దీన్ని ఎవరూ లెక్కలో వేసుకోరు. క్లూ నిజమేనా, ఆ క్లూ ఇంకో జవాబుకి కూడా సరిపోతుందా, "ఇతను" అన్నది ఎవరిని, రాజునా, రాజు గురించి రాసిన మనిషినా, జవాబుకి ఇంకో పేరు ఉంటే అది ఒప్పుకోవాలా లేక ఇంకాస్త చెప్పమనాలా, పలకడానికి కష్టమైన పేర్లకి ఉచ్చారణ రాశామా. బాగా తెలిసినవాణ్ణే దారి తప్పించి తప్పు జవాబు చెప్పించే క్లూ పడితే అది మహాపాపం, టోర్నమెంట్ అయిన రాత్రే మీ పేరు మారుమోగిపోతుంది. తర్వాత మూడో ప్యాకెట్‌లో అడిగింది తొమ్మిదో ప్యాకెట్‌లో క్లూగా వచ్చిందేమో వెతకాలి. ఒకే ప్యాకెట్‌లో చైనా చరిత్ర పక్కన చైనా కవి రాకుండా సర్దాలి, ఆ సర్దడాన్ని ఇక్కడివాళ్లు ఫెంగ్‌షూయ్ అంటారు, నేను మొదట విన్నప్పుడు గదిలో కుర్చీలు సర్దమంటున్నారనుకున్నా. ఇదంతా రాసే గంటలకి దాదాపు సమానం.

రాసినవాళ్లు, ప్లేటెస్ట్ చేసినవాళ్లు ఎవరూ ఆ సెట్ ఆడలేరు, అంటే క్లబ్‌లో ఉన్న మంచి ఆటగాళ్లందరికీ ఒక టోర్నమెంట్ పోయినట్టే. డబ్బు మాటకొస్తే, వేరే క్లబ్బులు మిర్రర్ పెడితే ఫీజు వస్తుంది, సెట్ బాగుందన్న పేరొస్తే ఇంకా వస్తుంది, కానీ దాన్ని గంటలతో భాగించి చూసుకోకండి, క్యాంపస్ డైనింగ్ హాల్లో గిన్నెలు కడిగినా అంతకన్నా ఎక్కువ వస్తుంది.

మరి ఎందుకు రాస్తారు? రాసినవాడికి ఆట వస్తుంది కాబట్టి. పద్యం చదివి మర్చిపోతాం, దాని మీద ఏడు లైన్ల ప్రశ్న రాస్తే జన్మలో మర్చిపోం. పైగా ఈ ఆటలో ఎవరూ ముట్టుకోని మూలలు ఇంకా బోలెడున్నాయి, త్యాగరాజు మీదో అమరావతి శిల్పం మీదో మంచి టాసప్ రావాలంటే ఎవరో ఒకరు కూర్చుని రాయాలి కదా. అయితే ఇక్కడే ఒక చిన్న హెచ్చరిక, మనకి తెలుసు కదా అని ప్యాకెట్‌కి మూడు భారతీయ ప్రశ్నలు దూర్చకండి, నేను దూర్చాను, రెండు తీయించేశారు, తీయించడమే సరైంది.

నా దృష్టిలో హౌస్‌రైట్‌కి దిగాలంటే ఒక్కటే షరతు. మొత్తం సెట్‌ని మొదటి లైన్ నుంచి చివరి లైన్ దాకా కూర్చుని దిద్దగలిగిన మనిషి ఒకరు పేరుతో సహా ఉండాలి, "అందరం కలిసి ఎడిట్ చేద్దాం" అంటే ఎవరూ చేయరని అర్థం. ఆ మనిషి ఇంతకుముందు ఒక సెట్‌లో కనీసం ఒక సబ్జెక్టుకైనా ఎడిటర్‌గా పనిచేసి ఉండాలి. అలాంటివాళ్లు మీ క్లబ్‌లో లేకపోతే రెండు క్లబ్బులు కలిసి రాయడం ఉంది, బయటి ఎడిటర్‌ని డబ్బిచ్చి పెట్టుకోవడం ఉంది, లేదా చిన్నగా ఒకే సబ్జెక్టు మీద ఆరు ప్యాకెట్ల సైడ్ ఈవెంట్ రాసుకుని వేసవిలో ఆన్‌లైన్‌లో ఆడించడం ఉంది. ఈ మూడోది చేసి చూడండి. తప్పులు దొర్లినా తక్కువమందికే తెలుస్తుంది.

ఏ దారి పట్టినా ముందు ఒక నెల పాత ప్యాకెట్లు చదవండి. ఆడేసిన సెట్లు చాలావరకు ఆన్‌లైన్‌లో ఉచితంగా దొరుకుతాయి, క్యూబీరీడర్ అనే సైట్‌లో అయితే ఒక జవాబు మీద ఇదివరకు వచ్చిన ప్రశ్నలన్నీ వెతికి చూసుకోవచ్చు. ప్రాక్టీస్‌కి డబ్బు పెట్టి కొనాల్సిన పనే లేదు. కాకపోతే పాత ప్రశ్నల్లోంచే క్లూలు ఎత్తి కొత్త ప్రశ్న రాయకండి, అది పుస్తకం చదివినవాడికి కాకుండా ప్యాకెట్లు బట్టీ పట్టినవాడికి పాయింట్లు పంచడమే. క్లూ కోసం మీ క్లాసు నోట్సు, అసలు పుస్తకం తెరవండి.

తమ్ముడి క్లబ్‌లో తొమ్మిది మంది, అందులో ముందు ఆడినవాళ్లు ముగ్గురు, ఎడిటింగ్ చేసినవాళ్లు సున్నా, బ్యాంకులో ఉన్నది ఒక్క ప్రయాణానికి సరిపోయే డబ్బు. నేను చెప్పింది ఇది: స్ప్రింగ్‌లో హైస్కూల్ టోర్నమెంట్ పెట్టండి, సెట్ కొనండి, గదులు ఇప్పుడే బుక్ చేయండి. ఈలోపు ప్యాకెట్లు తీసుకునే టోర్నమెంట్ ఒకటి చూసుకుని నలుగురు ఒక ప్యాకెట్ రాసి, గడువుకి రెండు వారాల ముందే పంపండి. హౌస్‌రైట్ మాట వచ్చే ఏడాది, అది కూడా ఈ నలుగురిలో ఇద్దరు మిగిలితే.

కాసేపు గొణిగాడు, తర్వాత ఒప్పుకున్నాడు. "సరే అన్నా, అయితే సైన్స్ నాలుగూ నేనే రాస్తా" అన్నాడు. నాలుగూ కంప్యూటర్ సైన్స్ రాయకురా నాయనా అని చెప్పి ఫోన్ పెట్టేశాను.